జాలీ కనబడకుండా పులి కనబడాలంటే

(జూ ఫోటో వాక్‌కి ముందు రోజు ఇచ్చిన టాక్ ఇది, రికార్డింగ్ విని టైప్ చేశాం, మాట్లాడినట్టే ఉంచాం.)

హా, నమస్కారం అందరికీ. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ఈ మైక్ కొంచెం గరగరమంటోంది, సర్లెండి. రేపు పొద్దున హైదరాబాద్ బహదూర్‌పురాలో నెహ్రూ జూ గేటు దగ్గర కలుస్తున్నాం కదా, అందుకని ఇవాళ రేపటికి పనికొచ్చేవే చెప్తా, కెమెరా చరిత్ర జోలికి పోను. ఆదివారం ఎందుకు పెట్టారో నాకైతే అర్థం కాలేదు, సోమవారం ఎలాగూ జూకి సెలవు, మంగళవారమో బుధవారమో అయితే ఖాళీగా ఉండేది, ఆదివారం పులి ముందు జనం పెళ్లి భోజనాల్లో నిలబడ్డట్టు నిలబడతారు. అయినా సరే, పొద్దున్నే వెళ్తే ఒక గంట మనది.

ఇంతకీ జూలో పులి ఫోటో అనగానే నన్ను అడిగే మొదటి ప్రశ్న ఏ లెన్స్ కొనాలి సార్ అని. నేననేది ఏంటంటే మీ దగ్గరున్న 70-300 ఎంఎం జూమ్ లెన్స్ చాలు, 55-250 అయినా చాలు, ముందు ఎక్కడ నిలబడాలో తెలుసుకోండి. బోనుకి కొట్టిన తీగల జాలీ ఫోటోలోంచి మాయమవ్వాలంటే చూసుకోవాల్సినవి రెండు దూరాలు, ఒక ఎండ. మీకూ జాలీకీ ఎంత దూరం, జాలీకీ పులికీ ఎంత దూరం, జాలీ మీద ఎండ పడుతోందా లేదా. ఈ మూడూ కుదిరితే మామూలు కిట్ లెన్స్‌తో కూడా శుభ్రమైన ఫోటో వస్తుంది, కుదరకపోతే లక్షల లెన్స్ పెట్టినా పులి మొహం మీద గళ్లే.

ఎందుకో చెప్తా, కొంచెం ఓపిక పట్టండి, ఈ ఒక్క లెక్క అర్థమైతే మిగతాదంతా మీకే తడుతుంది. మీ లెన్స్‌ని 300 దగ్గర పెట్టి ఎఫ్/5.6 లో తీస్తున్నారనుకోండి, 300ని 5.6తో భాగిస్తే దాదాపు 54 వస్తుంది. అంటే వెలుతురు లోపలికి దూరే కన్నం 54 మిల్లీమీటర్ల వెడల్పు. 70-200 ఎఫ్/2.8 వాళ్లకి 200 దగ్గర 71. ఇప్పుడు పులి మీసం కొసనే తీసుకోండి, ఆ కొస నుంచి బయల్దేరిన వెలుతురు ఒక్క గీతలాగా రాదు, గరాటులా విచ్చుకుంటూ వచ్చి ఈ 54 మిల్లీమీటర్ల కన్నం మొత్తం నిండుతుంది. గరాటు మొన పులి దగ్గర, మూతి మీ లెన్స్ దగ్గర. మధ్యలో ఎక్కడో జాలీ ఈ గరాటుని అడ్డంగా కోస్తుంది. ఎక్కడ కోస్తోంది అన్నదే అసలు సంగతి.

మూతి దగ్గర కోసిందనుకోండి, అంటే జాలీ మీకు దగ్గరగా ఉంది, అప్పుడు మూడు మిల్లీమీటర్ల తీగ 54 మిల్లీమీటర్లలో ఎంత ఆపగలదు? ఒక్కో తీగ సుమారు ఏడు శాతం కన్నా ఆపదు, రెండు తీగలు అడ్డం వచ్చినా పదమూడు పధ్నాలుగు శాతం వెలుతురు పోతుంది అంతే, అది మీ కంటికి తెలీను కూడా తెలీదు. అదే మొన దగ్గర కోసిందంటే, అంటే పులి జాలీకి ఆనుకుని కూర్చుందంటే, తీగ మొత్తం గరాటుని మింగేస్తుంది.

అంకెలు పెట్టి చూద్దాం. మన జూలో బోనుల ముందు రైలింగ్ ఉంటుంది, దాని వెనకే నిలబడాలి, అక్కణ్ణుంచి జాలీ ఒకటిన్నర మీటర్లు అనుకుందాం. పులి మీకు 15 మీటర్ల దూరంలో చెట్టు కింద పడుకుంది. అప్పుడు జాలీ దగ్గర గరాటు వెడల్పు 48, 49 మిల్లీమీటర్లు, హాయిగా తీయండి. పులి లేచి వచ్చి మీకు మూడు మీటర్ల దూరంలో నిలబడింది, ఇప్పుడు గరాటు 27, ఇంకా పర్లేదు, కొంచెం మసక గీతలు రావచ్చు. ఇంకా ముందుకొచ్చింది, జాలీకి ఒక అడుగు వెనకాల మొహం పెట్టింది, గరాటు తొమ్మిది మిల్లీమీటర్లకి పడిపోయింది, అందులో మూడు మిల్లీమీటర్ల తీగ అంటే మూడో వంతు పైనే పోయినట్టే. జనం అందరూ ఓ అని అరిచి కెమెరాలు లేపేది సరిగ్గా అప్పుడే! పులి దగ్గరికి రాగానే తీస్తారు, అది వెనక్కి పోగానే దించేస్తారు. తిరగేసి చేయాలి. అది దగ్గరికొస్తే చూసి సంతోషించండి, వెనక్కి వెళ్లి కూర్చున్నాక తీయండి.

ఇంట్లో కిటికీకి దోమల మెష్ ఉంటుంది కదా, దానికి ముక్కు ఆనించి రోడ్డు చూడండి, మెష్ ఉన్న సంగతే గుర్తుండదు. నాలుగడుగులు వెనక్కొచ్చి సోఫాలో కూర్చుంటే గడి గడీ లెక్కపెట్టొచ్చు. ఇదీ అంతే.

కాబట్టి రైలింగ్ దగ్గరికి వెళ్లగలిగినంత వెళ్లండి, జనం వెనకాల నిలబడి తలల మీంచి జూమ్ చేయకండి. మీ వెనక ఐదు మీటర్లు స్థలం ఉంది కదా అని వెనక్కి జరిగితే ఫ్రేమ్ బావుంటుందేమో గానీ గరాటు సన్నబడుతుంది. ఇంకోటి, అపర్చర్, అంటే ఆ కన్నం, మూయొద్దు. ఎఫ్/8, ఎఫ్/11 షార్ప్‌గా వస్తుందని ఎవరో చెప్పి ఉంటారు, బయట ల్యాండ్‌స్కేప్‌కి నిజమే, జాలీ ముందు మాత్రం మీ చేత్తో మీరే కన్నం మూసుకున్నట్టు. 300ని 11తో భాగించండి, 27. సగానికి సగం పోయింది. వైడ్ ఓపెన్, అంటే కన్నం పూర్తిగా తెరిచి పెట్టండి, షట్టర్ 1/500 సెకను కన్నా వేగంగా ఉంచండి, ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురు పట్టే శక్తి, ఎంత పెరిగితే అంత పెరగనీయండి, గింజలు గింజలుగా ఉన్నా పర్లేదు గానీ గళ్లు వద్దు.

ప్రశ్న: సార్, ఫోన్‌తో వచ్చినవాళ్ల సంగతేంటి?

ఫోన్‌లో ఈ కన్నం నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది తమ్ముడూ, అంటే తీగ ఒక్కటి అడ్డమొస్తే దాదాపు మొత్తం పోయినట్టే. కానీ అదే ఫోన్‌కి లాభం కూడా, గడి పెద్దదైతే తీగల మధ్యలోంచే చూస్తుంది, అసలు జాలీ అడ్డే రాదు. కాకపోతే దానికి ఫోన్‌ని జాలీకి ఆనించాలి, పులి, సింహం లాంటివాటి బోను దగ్గర రైలింగ్ దాటి చెయ్యి పెట్టడం కుదరదు, పెట్టకూడదు. పక్షుల ఎన్‌క్లోజర్ల దగ్గర అయితే వాడుకోండి. పులికి మాత్రం ఫోన్ అయితే కందకం ఉన్నచోటికి పోండి, దాని గురించి చెప్తా.

ఇప్పుడు ఎండ. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నా లెక్కన లెన్స్ కన్నా పెద్ద విషయం ఇదే. తీగ వెలుతురుని ఆపడం ఒక ఎత్తు, తీగే వెలగడం ఇంకో ఎత్తు. కొత్త జీఐ తీగ, అదే జింక్ పూత పూసిన ఇనుప తీగ, మీద ఎండ పడిందంటే తళతళ మెరుస్తుంది, ఆ మెరుపంతా మసకైపోయి ఫ్రేమ్ మొత్తం మీద పాలు కలిపినట్టు తెల్లగా పరుచుకుంటుంది. నలుపు బూడిదరంగు అవుతుంది, పులి చారలు వెలిసిపోయిన చీర అంచులా కనిపిస్తాయి, ఇంటికొచ్చి లెన్స్‌కి ఫంగస్ పట్టిందేమో అని షాపుకి పట్టుకెళ్తారు. ఆకుపచ్చ పెయింట్ వేసిన జాలీ అయితే ఆ తెర కూడా పచ్చగా వస్తుంది, ముదురు రంగు జాలీ అన్నిటికన్నా మేలు.

అందుకని మనకి చిన్నప్పట్నుంచి నేర్పిన సూత్రం, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకో అన్నది, ఇక్కడ ఎదురు తిరుగుతుంది. మీ వీపు వెనక ఎండ ఉంటే అది ముందు తగిలేది జాలీకే. రేపు మీరు చేయాల్సింది, ఒక బోను దగ్గరికి వెళ్లగానే పులి ఎక్కడుందో కాదు, జాలీ మీద నీడ ఎక్కడుందో వెతకండి. చింతచెట్టు నీడో, గోడ నీడో, ఎక్కడో ఒక జానెడు మేర పడే ఉంటుంది. ఆ నీడ ముక్కలోంచి తీయండి, పులి మాత్రం అవతల ఎండలో ఉందంటే ఇంక అంతకన్నా ఏం కావాలి. నీడ దొరక్కపోతే ఫ్రెండ్‌ని పక్కన నిలబెట్టి గొడుగు పట్టించండి, రైలింగ్ ఇవతల నుంచే, నీడ జాలీ మీద పడేలాగ. నవ్వుతారేంటి, పని చేస్తుంది, ఒక్కసారి పట్టి తేడా చూడండి. మబ్బు పట్టిన రోజైతే ఈ గొడవే లేదు, అందుకే నాకు జూకి జులై, ఆగస్టు ఇష్టం, గడ్డి పచ్చగా ఉంటుంది, జాలీ మెరవదు. ఎండాకాలం పొద్దున తొమ్మిది దాటితే అవి నీడ పట్టున పడుకుంటాయి, స్ప్రింక్లర్లు పెడతారు, కూలర్లు పెడతారు, ఫోటోలో పులి పక్కన నీళ్ల పైపు వస్తుంది.

ఫోకస్ సంగతి. కెమెరాకి పులి అంటే ఏం తెలుసు పాపం, దగ్గరగా ఏది గట్టిగా గీతలా కనిపిస్తే దాన్ని పట్టుకుంటుంది, జాలీ కన్నా గట్టి గీత ఏముంది. ఏరియా ఏఎఫ్, అంటే ఎక్కడ ఫోకస్ చేయాలో కెమెరాయే ఎంచుకునే పద్ధతి, తీసేసి ఒక్క పాయింట్ పెట్టండి, ఉన్నవాటిలో చిన్నది. లెన్స్ పక్కన లిమిటర్ స్విచ్ ఉంటే దగ్గరి దూరాల్ని వదిలేసే వైపుకి నెట్టండి, అప్పుడు దానికి జాలీ దాకా వచ్చే వీలే ఉండదు. మిర్రర్‌లెస్ వాళ్లకి యానిమల్ ఐ ఏఎఫ్, జంతువు కన్ను వెతికి పట్టే ఫోకస్, ఉంది కదా అని ధీమా, అది బాగానే పనిచేస్తుంది, కాకపోతే ముందు పులి కాస్తయినా ఆకారంగా కనిపించాలి, పూర్తిగా మసకగా ఉంటే ఆ కన్నెక్కడుందో దానికీ తెలీదు, జాలీ మీద పడి కూర్చుంటుంది. అలా ఇరుక్కున్నప్పుడు చేత్తో రింగ్ తిప్పి పులి మీదకి దాదాపుగా తెచ్చి అప్పుడు బటన్ నొక్కండి, టక్కున పట్టుకుంటుంది. మీసాలు, కళ్లు, ఆ వరసలో చూసుకోండి. కన్ను దగ్గరగా వచ్చిందంటే గమనించండి, మన ఇంటి పిల్లికి ఎండలో కంటిపాప నిలువు గీతలా అయిపోతుంది, పులికీ సింహానికీ చిరుతకీ గుండ్రంగానే ఉంటుంది, చిన్న మిరియం గింజంత. అది షార్ప్‌గా వస్తే మిగతా బొమ్మ కొంచెం అటూ ఇటూ అయినా నిలబడుతుంది.

ఈ స్లైడ్ చూడండి. పులి మొహం బాగుంది, జాలీ లేదు, కానీ వెనకాల చూడండి, ఆకుల సందుల్లోంచి వచ్చే వెలుతురు గుండ్రాలు గుండ్రాలుగా పడింది కదా, ఆ ఒక్కో గుండ్రంలో అడ్డంగా నల్ల గీతలు. అది జాలీయే. పులి మొహంలోంచి పోయింది గానీ ఫోటోలోంచి పోలేదు, మసకగా పడే ప్రతి మెరుపు చుక్కలోనూ మీ లెన్స్ ముందున్న తీగల అచ్చు పడుతుంది. దీనికి మందు లేదు, వెనకాల మెరుపులు లేని చోటు ఎంచుకోవడమే, చీకటి గుహ, రాతి గోడ, దట్టమైన పొద, ఏదైనా. రెండడుగులు పక్కకి జరిగితే చాలాసార్లు దొరుకుతుంది. అలా జరిగినప్పుడే వెనకున్న నైట్ హౌస్, అదే పులి రాత్రి పడుకునే గది, తలుపు, నీలం బకెట్టు కూడా ఫ్రేమ్‌లోంచి పోతాయి.

అద్దం ఉన్నచోట తక్కువ చెప్తా. హుడ్ తీసేసి లెన్స్‌ని అద్దానికి నిటారుగా ఆనించండి, రబ్బర్ హుడ్ ఉంటే ఇంకా మంచిది, నల్ల చొక్కా వేసుకోండి, పిల్లల చేతి మరకలు తుడవడానికి ఒక గుడ్డ తెచ్చుకోండి. పోలరైజర్, అద్దం మీది ప్రతిబింబాలు తగ్గించే ఫిల్టర్, తెచ్చామంటారు, నిటారుగా చూసేటప్పుడు అది ఏం చేయదు, వెలుతురు తినేయడం తప్ప, పక్క నుంచి ఏటవాలుగా తీసేటప్పుడే దానితో పని. ఫ్లాష్ ఎక్కడా వద్దు.

కందకం ఉన్న ఎన్‌క్లోజర్లయితే పండగే, మధ్యలో ఏమీ ఉండదు, మీ లెన్స్, అవతల జంతువు. దూరం ఎక్కువ కాబట్టి 300 పైన ఉంటే బాగుంటుంది, అంతే. సఫారీ బస్సులో జాలీ ఉంటుంది గానీ అది కిటికీకే కదా, లెన్స్ దాదాపు ఆనుతుంది, పొద్దుట్నుంచి చెప్తున్న లెక్కలో అదే అందరికన్నా మంచి సీటు. బస్సు ఇంజిన్ వణుకుడు ఉంటుంది, మోచెయ్యి కిటికీకి ఆనించకుండా ఒంటికి పెట్టుకుని 1/1000 దగ్గర తీయండి.

ప్రశ్న: పులి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది కదండీ, ఆగదు. అప్పుడెలా?

మంచి ప్రశ్న అమ్మా. జాలీ వెంట ఒకే దారిలో అటు పది అడుగులు ఇటు పది అడుగులు, నేల మీద దారి కూడా పడిపోయి ఉంటుంది. టెక్నికల్‌గా చెప్పాలంటే సులువు, అది ఎక్కడ తిరుగుతుందో ప్రతిసారీ అక్కడే తిరుగుతుంది, ఆ చోట ముందే ఫోకస్ పెట్టుకుని తల తిప్పినప్పుడు తీయొచ్చు. కానీ ఒకటి, అది గంభీరంగా గస్తీ తిరగడం కాదు, బోనులో ఉన్న జంతువుకి తోచక వచ్చే అలవాటు, స్ట్రెస్ అంటారు జూ డాక్టర్లు. సాయంత్రం మేత వేళ దగ్గర పడ్డప్పుడు ఇంకా ఎక్కువ, ఎందుకంటే కీపర్ నైట్ హౌస్‌లో మాంసం పెట్టి పిలుస్తాడని దానికి తెలుసు. అలాంటి ఫోటో పెట్టి కింద రాజసం, ఠీవి అని రాస్తుంటే నాకు ఎక్కడో గుచ్చుకుంటుంది. తీయండి, ఉన్నదున్నట్టు రాయండి.

ఇంకా పులి మూతి ముడిచి పళ్లు బయటపెట్టి నాలుక వేలాడేసిందనుకోండి, కోపం అనుకుంటారు. చాలాసార్లు కోపం కాదు, ఏదో వాసన పట్టి దాన్ని నోటి లోపలి పైభాగంతో పీల్చుకుంటోంది, రెండు మూడు సెకన్లు అలాగే ఉంటుంది, వరసగా టకటకా తీసే బరస్ట్‌లో పెట్టుకోండి, భలే వస్తుంది. దానికి ముందు అది చెట్టునో రాయినో మూతితో రాస్తుంది, అదే మీకు సిగ్నల్. ఇంకో సిగ్నల్ కూడా ఉంది, ఇది రేపు తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. పులి మీకు వీపు పెట్టి జాలీ దగ్గర నిలబడి తోక పైకి లేపిందంటే ఫోటో వద్దు ఏమొద్దు, పక్కకి తప్పుకోండి. వెనక్కి పిచికారీ కొడుతుంది, రైలింగ్ దాటి వస్తుంది, ఆ వాసన కెమెరా బ్యాగులోంచి పోవడానికి ఎన్నాళ్లు పడుతుందో పడ్డవాళ్లని అడగండి.

తెల్లపులి దగ్గర ఎక్స్‌పోజర్ తేలిగ్గా పాడవుతుంది. ఫ్రేమ్ నిండా తెలుపు ఉంటే కెమెరా భయపడి చీకటి చేస్తుంది, అప్పుడు ప్లస్ వైపు జరపాలి, అదే చుట్టూ చెట్ల నీడ ఉండి మధ్యలో ఎండలో తెల్లపులి ఉంటే కెమెరా నీడని చూసి వెలుతురు పెంచి పులిని సున్నం కొట్టినట్టు చేస్తుంది, అప్పుడు మైనస్. హిస్టోగ్రామ్, కెమెరాలో వెలుగు నీడల గ్రాఫ్, చూసుకోండి. ఇంకా మీ ఫోటోలో దాని కళ్లు మెల్లకన్నులా వచ్చాయనుకోండి, లెన్స్ తప్పు కాదు, చాలా తెల్లపులులకి మెల్లకన్ను ఉంటుంది. 1951లో రీవా అడవుల్లో పట్టిన మోహన్ అనే కూన వంశమే జూలలో ఎక్కువగా ఉన్నది, అయినవాళ్లతోనే కలిపి కలిపి పెంచారు. అది వేరే జాతి కాదు, మామూలు బెంగాల్ పులే, అందరూ ముందు దాని దగ్గరికే పరిగెడతారు, నాకైతే మామూలు పులే అందం.

నల్ల చిరుత కనిపిస్తే మబ్బు వెలుతురులో పక్క నుంచి తీయండి, నలుపులో కూడా మచ్చలు తేలతాయి.

ఇక రూల్స్, బోర్ అయినా వినాలి. రైలింగ్ ఎక్కకూడదు, గోడ మీద కూర్చోకూడదు. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో ఒకాయన సింహం ఎన్‌క్లోజర్లోకి దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు, పేపర్లో చూసే ఉంటారు. ఇటు చూడు అని అరవడం, చప్పట్లు, ఈలలు, గులకరాళ్లు, ఏవీ వద్దు, 1972 వన్యప్రాణి చట్టంలో 38జె సెక్షన్ దీనికోసమే ఉంది, జూ జంతువుని విసిగించడం నేరం. జలుబో దగ్గో ఉన్నవాళ్లు మాస్క్ పెట్టుకోండి, నవ్వొద్దు, 2021లో మన జూలోనే ఎనిమిది ఆసియా సింహాలకి కరోనా వచ్చింది, అది మనుషుల దగ్గర నుంచే వచ్చి ఉంటుందన్నారు.

ప్రశ్న: ఈ ఫోటోలు కాంపిటీషన్లకి పంపొచ్చా?

జూ కేటగిరీ ఉంటే పంపండి, వైల్డ్‌లైఫ్ కేటగిరీలో పంపొద్దు. లండన్‌లో వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ 2009 పోటీలో కంచె మీంచి దూకే తోడేలు ఫోటోకి మొదటి బహుమతి ఇచ్చి, తర్వాత అది పెంపుడు తోడేలే అయ్యుంటుందని తేల్చి 2010లో వెనక్కి తీసుకున్నారు. ఫోటో మాత్రం అద్భుతంగా ఉంటుంది, అదే బాధ. మీరు ఫేస్‌బుక్‌లో పెట్టినా సరే కింద నెహ్రూ జూ అని రాయండి, అమ్రాబాద్ అడవిలో తీసినట్టు పోజు కొట్టొద్దు, బొజ్జ చూస్తేనే తెలిసిపోతుంది తెలిసినవాళ్లకి.

ప్రశ్న: సార్ ఇంత కష్టం ఎందుకు, ఇప్పుడు ఏఐలో ఒక్క క్లిక్‌తో జాలీ పోతుంది కదా?

పోతుంది, బ్రహ్మాండంగా పోతుంది. కానీ తీగ వెనక ఏముందో దానికి తెలీదు, ఊహించి గీస్తుంది. ఆకుల మీద, గడ్డి మీద గీస్తే ఎవరికి నష్టం, వాడుకోండి, నేనూ వాడతా. పులి మీద మాత్రం వేరే గొడవ, ఏ రెండు పులుల చారలూ ఒక్కలా ఉండవు, అడవిలో కెమెరా ట్రాప్ వాళ్లు పులుల్ని లెక్కపెట్టేదే ఆ చారలు పోల్చి. మీ ఏఐ బుగ్గ మీద రెండు చారలు కలిపేసి, కంటి పైన ఒకటి కొత్తగా పెట్టిందంటే ఆ ఫోటోలో ఉన్నది ఆ బోనులో పులి కాదు, లేని పులి. మీసాలయితే మరీ, తీగని మీసం అనుకుని ఉంచేస్తుంది, మీసాన్ని తీగ అనుకుని పీకేస్తుంది. చూపిస్తా ఉండండి, ఇదిగో ఈ స్లైడ్, ఎడమవైపు నేను తీసింది, కుడివైపు క్లిక్ కొట్టాక వచ్చింది, ఎడమ బుగ్గ దగ్గర పోల్చి చూడండి... ఆ, అక్కడే, మీరు చెప్పింది కరెక్టే, కుడిదాంట్లో ఒక చార ఎక్కువుంది.